ఊరు దాటిన ఖాతాదారుకు నెలకో ఉత్తరం

తెనాలి, బాపట్ల, రేపల్లె వ్యాపారుల గల్లాపెట్టెల దగ్గర కొన్నేళ్ళుగా ఒక మార్పు నెమ్మదిగా జరుగుతోంది. పాత ఖాతాదారులు చేజారలేదు, ఊరు మారారు. తల్లి తెనాలి బోస్ రోడ్డులో సరుకు తూయించుకున్న కొట్టు పేరు కూతురికి గుర్తుంది. కాని ఆ కూతురు ఉండేది హైదరాబాదులోనో, అమెరికాలో డల్లాస్‌లోనో. సంక్రాంతికి వచ్చినప్పుడు మినపగుళ్ళు, పచ్చళ్ళు, బియ్యం కట్టించుకుని వెళుతుంది. మిగతా పదకొండు నెలలు ఆమెకూ కొట్టుకూ మాటామంతీ ఉండదు. ఆ పదకొండు నెలల సంగతే ఈ వ్యాసం. ఈమెయిలులో నెలకో, రెండు నెలలకో ఒక ఉత్తరం పంపితే ఆ బంధం నిలుస్తుందా? నిలుస్తుందనడానికి ఆధారాలేమిటి? మన ఊళ్ళలో ఏ వ్యాపారానికి అది అక్కరకొస్తుంది, దేనికి దండగ?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఈమెయిలు అనవసరం. ఊరు దాటినవాళ్ళకు మాత్రం దీనికి సాటి వచ్చే సాధనం ఇంకా రాలేదు. అయితే ఏమీ కొనకపోయినా చదవాలనిపించే సరుకు ఆ ఉత్తరంలో ఉండాలి. ఈ షరతు దగ్గరే ఎక్కువమంది తప్పుతున్నారు.

కొనేవాళ్ళకు క్రమం తప్పకుండా ఏదో ఒకటి రాసి పంపడం కంప్యూటర్లతో పుట్టిన పని కాదు. అమెరికాలో వ్యవసాయ పనిముట్లు తయారుచేసే జాన్ డీర్ కంపెనీ 1895లో రైతుల కోసం 'ది ఫరో' అనే పత్రిక పెట్టింది. అందులో నాగళ్ళ గొప్పలకన్నా సాగు కబుర్లకే చోటెక్కువ. అది ఇప్పటికీ నడుస్తోంది. మనవైపు ఇంతకన్నా ఆసక్తికరమైన ఉదాహరణ ఉంది. ఒంగోలు ప్రాంతం నుంచి మదరాసు చేరిన డాక్టర్ కె.ఎన్.కేసరి అక్కడ కేసరి కుటీరం స్థాపించి ఆయుర్వేద మందులు అమ్మారు. స్త్రీల ఆరోగ్యం కోసం చేసిన 'లోధ్ర' వాటిలో పేరు మోసింది. ఆయన 1928లో 'గృహలక్ష్మి' మాసపత్రిక ప్రారంభించారు. మందు కొనేది ఆడవాళ్ళు. వాళ్ళ చేతికి మందుల జాబితా ఇచ్చి ఊరుకోకుండా, వాళ్ళు చదివే పత్రిక, వాళ్ళు రాసే పత్రిక ఇచ్చారు. తెలుగులో రచయిత్రులకు దొరికిన గట్టి వేదికల్లో అదొకటి. తర్వాత రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చి సత్కరించే ఆనవాయితీ కూడా నెలకొల్పారు. వ్యాపారి తన ఖాతాదారు బతుకును ఎంత గౌరవంగా చూడవచ్చో తెలుసుకోవాలంటే ఇవాళ్టి మార్కెటింగు పుస్తకాలకన్నా ముందు గృహలక్ష్మి చరిత్ర చదవాలని నేను గట్టిగా నమ్ముతాను.

తెనాలికి ఇంకా దగ్గరి ఉదాహరణ చందమామ. 1947 జూలైలో దాన్ని ప్రారంభించిన ఇద్దరిలో చక్రపాణి తెనాలివారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావూ తెనాలివారే. చందమామ పత్రికే కాబట్టి దాన్ని వ్యాపార లేఖ అనలేం. కాని అందులోని ఫొటో వ్యాఖ్యల పోటీని గమనించండి. రెండు ఫొటోలు వేసి, వాటికి జంటగా కుదిరే వ్యాఖ్యలు కార్డు మీద రాసి పంపమనేవారు. ఊరూరి నుంచీ కార్డులు వెళ్ళేవి. గెలిచినవారి పేరు, ఊరు అచ్చయ్యేవి. ఉత్తరం అటునుంచి ఇటు రావడమే కాక ఇటునుంచి అటు కూడా వెళ్ళాలన్న సూత్రం అందులో ఉంది. పుస్తక ప్రచురణ సంస్థ ఎమెస్కోవారి 'ఇంటింటా గ్రంథాలయం' మరో దారి పట్టింది. సభ్యులకు పుస్తకాలు టపాలో ఇంటికే వచ్చేవి. పుస్తకాల కొట్టు లేని పల్లెలకు కూడా నవలలు చేరాయంటే ఆ సభ్యుల జాబితా, సరుకు అందుకున్నప్పుడే టపావాడికి డబ్బు కట్టే, మన దేశంలో 1877లో మొదలైన వి.పి.పి. పద్ధతి, ఈ రెండింటి పుణ్యమే.

ఇవన్నీ నడిచింది చిరునామాల పుస్తకం మీద. ఆ పుస్తకం వ్యాపారి సొంతం. ఇవాళ వాట్సాప్ గ్రూపు మీదో, ఫేస్‌బుక్ పేజీ మీదో ఆధారపడ్డ కొట్టుకు అలా సొంతమైన జాబితా లేదు. నంబరు నిలిపేస్తే, పేజీ పోతే, ఖాతాదారులందరూ ఒక్కరోజులో మాయమవుతారు. ఈమెయిలు జాబితాను ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకోవచ్చు, పెన్‌డ్రైవులో దాచుకోవచ్చు. ఈమెయిలు వైపు చెప్పే వాదనల్లో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది ఇదే.

ఇక ఆధారాల సంగతి. ఈ రంగంలో చెలామణీ అయ్యే అంకెల్లో చాలావాటిని పక్కన పెట్టాలి. ఈమెయిలు మీద డాలరు ఖర్చుపెడితే 36 డాలర్లు వస్తాయన్న లెక్క ప్రతి ప్రచార వ్యాసంలోనూ కనిపిస్తుంది. అది ఈమెయిలు సేవలతో బతికే సంస్థలు, తమను వాడేవారిని అడిగి రాసుకున్న లెక్క. ఖాతాదారులు వదిలిపోవడాన్ని అయిదు శాతం తగ్గిస్తే లాభం 25 నుంచి 85 శాతం దాకా పెరుగుతుందని రైకెల్డ్, శాసర్ 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. అది శ్రద్ధగా చేసిన పనే. కాని వాళ్ళు చూసినవి క్రెడిట్ కార్డు కంపెనీల వంటి అమెరికన్ సేవా వ్యాపారాలు. ఆ అంకెను తెచ్చి తెనాలి పప్పు మిల్లుకు అంటగట్టడం కుదరదు.

గట్టి ఆధారం కావాలంటే, కొందరికి పంపి కొందరికి పంపకుండా తేడా కొలిచిన పరీక్షలు చూడాలి. నవదీప్ సాహ్ని, డాన్ జౌ, ప్రదీప్ చింతగుంట అమెరికాలో ఒక టికెట్ల అమ్మకపు సంస్థలో ఇలాంటి 70 పరీక్షల ఫలితాలు చూసి 2017లో ప్రచురించారు. ఈమెయిలులో రాయితీ అందుకున్నవాళ్ళు ఆ రోజుల్లో సగటున 37 శాతం ఎక్కువ ఖర్చుపెట్టారు. అసలు విశేషం తర్వాతిది. ఆ పెరుగుదలలో దాదాపు 90 శాతం రాయితీ వాడుకున్నందువల్ల వచ్చింది కాదు. ఉత్తరం చూసి కొట్టు గుర్తొచ్చింది, కొన్నారు. రాయితీలు ఇచ్చుకోలేని చిన్న వ్యాపారికి ఇంతకన్నా ధైర్యం చెప్పే ఫలితం లేదు. ఎందుకు ఉత్తరం వచ్చిందన్నదానికన్నా, వచ్చిందన్నదే ఎక్కువ పని చేసింది.

సాహ్ని, చింతగుంట మరొకరితో కలిసి 2018లో ప్రచురించిన ఇంకో పరిశోధన ప్రకారం, ఉత్తరం శీర్షికలో అందుకునేవారి పేరు చేర్చినంతనే తెరిచేవారు 20 శాతం పెరిగారు. ఇక పంపొద్దనేవారు 17 శాతం తగ్గారు. ఇది తెలుగువాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఒక చిక్కుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు పొడి అక్షరంగా ఉంటుంది. 'కె.వి.సుబ్బారావు' అని బిల్లు పుస్తకంలో ఉంటే, మొదటి మాటే పేరనుకునే సాఫ్ట్‌వేరు ఆయనను 'కె' అని పలకరిస్తుంది. ఇంటిపేరు పూర్తిగా రాస్తే ఇంకా ఘోరం, పెద్దాయనను ఇంటిపేరుతో బడిపిల్లాణ్ణి పిలిచినట్టు పిలుస్తుంది. జాబితాలో 'పిలిచే పేరు' అని వేరే గడి పెట్టి, 'సుబ్బారావు గారు', 'లక్ష్మి గారు' అని చేత్తో నింపుకోవాలి. వెయ్యి పేర్లయితే కొట్టులో ఒకరికి వారం పని. ఆ వారం పెట్టనివాళ్ళు పేరు వాడకపోవడమే మంచిది.

మూడు ఊళ్ళ వ్యాపారాల్లో ఈ ఉత్తరానికి అన్నిటికన్నా తగినది బియ్యం, పప్పుల వ్యాపారం. తెనాలి మినపగుళ్ళకు పెద్ద కేంద్రం. బాపట్ల వరి పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన బి.పి.టి. 5204, అంటే సాంబ మసూరి, దేశంలో చాలా రాష్ట్రాల అన్నం పళ్ళాల్లో ఉంది. ఈ సరుకు గురించి కొనేవాళ్ళకు తెలియనిది, అమ్మేవాళ్ళకు తెలిసినది ఎంతో ఉంది. ప్రకాశం బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టా కాలవలకు నీళ్ళు ఎప్పుడు వదిలారు, నాట్లు ఎప్పుడు పడ్డాయి, కోతల ముందు తుఫాను వచ్చిందా లేదా, ఇవన్నీ ఆ ఏటి బియ్యం రుచిని, ధరను నిర్ణయిస్తాయి. కొత్త బియ్యం ముద్దవుతుంది, నీళ్ళు తగ్గించి పెట్టాలి. పాతబడ్డ కొద్దీ నీళ్ళు పెంచాలి. న్యూజెర్సీలో కుక్కరు ముందు నిలబడి 'ఈసారి బియ్యం బాగోలేదు' అనుకునే అమ్మాయికి, అది కోత అయ్యి ఎన్ని నెలలైందో ఒక్క వాక్యంలో రాస్తే చాలు. మిల్లు మీద నమ్మకం పెరుగుతుంది.

మినుముల్లో ఇంకా చెప్పవలసింది ఉంది. డెల్టాలో వరి కోతకు ముందు మాగాణిలో మినుము చల్లడం తరతరాల పద్ధతి. పల్లాకు తెగులు, బంగారు తీగ కలుపు కలిసి ఆ సాగును దెబ్బతీశాయి. చాలామంది దున్నకుండా మొక్కజొన్న, జొన్న వేసుకుంటున్నారు. దేశానికి తక్కువపడే మినుములో పెద్ద వాటా బర్మా నుంచి వస్తోంది. 'తెనాలి గుళ్ళు' అని అమ్మే సంచిలో గింజ ఏ నేలదో చాలామంది ఖాతాదారులకు తెలియదు. ఈ విడత మినుము మన పొలాలదా, బర్మాదా, రుబ్బితే పిండి ఎంత ఒదుగుతోంది అని రాసే మిల్లు ఏదైనా ఉంటే, దాని ఉత్తరం కోసం ఎదురుచూసేవాళ్ళుంటారు. ఇలా నిజం చెబితే అమ్మకం పడిపోతుందని కొందరు భయపడతారు. ఊరు దాటిన ఖాతాదారు సరుకు చేత్తో పట్టి చూడలేదు, వాసన చూడలేదు. ఆమెకు ఉన్న ఆధారమల్లా అమ్మేవాడి మాట. ఆ మాట నమ్మదగినదైతే ధర రెండో విషయం అవుతుంది.

2025లో ఇలాంటి జాబితా అవసరం ఇంకా స్పష్టంగా తేలింది. అమెరికాకు వెళ్ళే 800 డాలర్ల లోపు పార్శిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు ఆగస్టు 29తో రద్దయింది. దానికి నాలుగు రోజుల ముందు, 25 నుంచి, తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పార్శిళ్ళు తీసుకోవడం ఆపేసింది. అక్టోబరు 15న మళ్ళీ మొదలుపెట్టింది. దసరా ముందు పచ్చళ్ళు, పిండివంటలు పంపుకునే కాలం అది. పార్శిలు ఎక్కడుంది, సుంకం ఎవరు కట్టాలి, డబ్బు తిరిగి వస్తుందా అన్న ప్రశ్నలు ఒకేసారి వచ్చిపడే రోజులవి. ఇలాంటి సమయాల్లో జాబితా ఉన్న వ్యాపారి ఒకే ఉత్తరంతో అందరికీ జవాబు చెప్పగలడు. లేనివాడు ఒక్కొక్కరి ఫోనూ ఎత్తి అదే మాట తిరిగి చెప్పాలి, అదీ అక్కడి వేళకు మేలుకొని.

సరుకు అమ్మేవాళ్ళకే కాదు, విడిదులు నడిపేవాళ్ళకూ ఈ ఉత్తరం పనికొస్తుంది. బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో పర్యాటక శాఖ హరిత రిసార్టుతో పాటు ప్రైవేటు విడిదులు ఉన్నాయి. శని, ఆదివారాలకు హైదరాబాదు, విజయవాడల నుంచి కుటుంబాలు వస్తాయి. కార్తీకంలో సముద్ర స్నానాలకు జనం పోటెత్తుతారు. విడిది యజమానులకు వచ్చిన కష్టమేమిటంటే, గదులు యాప్‌ల ద్వారా బుక్ అవుతున్నాయి. యాప్ నుంచి వచ్చిన అతిథి అసలు ఈమెయిలు చాలాసార్లు యజమానికి అందదు. గది ఖాళీ చేసేటప్పుడు, ఇష్టమైతే రాసివెళ్ళమని పుస్తకం పెట్టడమొక్కటే దారి. రాసిన వాళ్ళకు ఏడాదికి మూడు నాలుగు ఉత్తరాలు చాలు. తుఫాను హెచ్చరికతో తీరం మూసినప్పుడు ఆ సంగతి ముందే రాస్తే, వాళ్ళ ప్రయాణం వృథా కాదు. గదుల ధరల గురించి రాసే పది ఉత్తరాల కన్నా ఆ ఒక్కటి ఎక్కువ గుర్తుంటుంది.

రేపల్లె, నిజాంపట్నం రొయ్యల సాగు మాత్రం వేరు. 30 కౌంటుకో, 100 కౌంటుకో (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఇవాళ ధరెంత అన్నది పూటపూటకూ మారే విషయం. చెరువుగట్టు మీద ఉన్న రైతు ఫోనులో వాట్సాప్ చూస్తాడు, ఈమెయిలు తెరవడు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మేత కొట్లు, కొనుగోలుదారులు, రైతులు సమాచారం పంచుకోవలసింది గంటల్లో. సముద్రోత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ఇంగ్లీషులో వెలువరించే నెలవారీ న్యూస్‌లెటర్ ఎగుమతిదారులకు పనికొస్తుంది, రైతుకు అందదు. రేపల్లె మేత దుకాణం ఈమెయిలు మీద డబ్బు తగలెయ్యవద్దనే నా సలహా.

వాట్సాప్ గురించి ఇంకో మాట. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు. అందులోనూ మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్ళకే చేరుతుంది. ఆ పరిమితి దాటి వ్యాపార పద్ధతిలో పంపాలంటే ప్రచార సందేశానికి ఇంతని రుసుము కట్టాలి. పెళ్ళి ఫొటోలు, శుభోదయాల మధ్య ఆ సందేశం సాయంత్రానికి కిందికి జారిపోతుంది. ఈమెయిలు వెతికితే దొరుకుతుంది. ఆర్నెల్ల కిందటి ఉత్తరంలో ఉన్న ఆవకాయ కొలతల కోసం వెనక్కు వెళ్ళి చూసుకోవచ్చు.

సాంకేతిక విషయాల్లో ఎక్కువమంది ఒక్క దగ్గరే బోర్లా పడుతున్నారు. మన ఊళ్ళ డి.టి.పి. కేంద్రాల్లో తెలుగు అచ్చు చాలావరకు అను ఫాంట్లలో నడుస్తుంది. అవి యూనికోడ్ కావు. ఆ అక్షరాలను ఈమెయిలులో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అందుకని కరపత్రం బొమ్మగా తీసి ఉత్తరంలో అతికించేస్తారు. చూపు తగ్గినవాళ్ళ ఫోను ఆ బొమ్మను చదివి వినిపించలేదు. బొమ్మలు చూపని ఈమెయిలు పెట్టెల్లో ఖాళీ గడి కనిపిస్తుంది. వెతికితే దొరకదు. స్పామ్ జల్లెడలు కూడా అక్షరాలు లేని ఉత్తరాన్ని అనుమానంగా చూస్తాయి. యూనికోడ్ తెలుగులో, మామూలు ఉత్తరంలాగా, ఒకటి రెండు ఫొటోలతో రాయడమే అన్నివిధాలా మేలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. అమెరికా తెలుగువాళ్ళు నడిపే వెబ్ పత్రిక 'ఈమాట' 1998 నుంచి తెరమీద తెలుగు చదివిస్తోంది. మన కొట్లకు ఆ వసతి కొత్తది కాదు, వాడుక కొత్త.

రెండో అడ్డంకి పంపే చిరునామా. ఉచిత జీమెయిలు ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపడం కుదరదు. అదే ఉచిత చిరునామా పెట్టుకుని వేరే సేవ ద్వారా వేలమందికి పంపితే అవి స్పామ్‌లోకే పోతాయి. కొట్టు పేరుతో సొంత డొమైన్ కొనాలి. ఉత్తరం నిజంగా ఆ కొట్టుదేనని రుజువు చేసే ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డిమార్క్ ఏర్పాట్లు చేయించాలి. తెలిసినవాడికి ఒక పూట పని. రోజుకు 5000కు పైగా పంపేవారికి గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి వీటిని తప్పనిసరి చేశాయి. ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలుండాలన్నాయి. వెయ్యి ఉత్తరాలకు ముగ్గురు స్పామ్ అని ఫిర్యాదు చేస్తే చాలు, ప్రమాదంలో పడ్డట్టే. ఎవరెవరు తెరిచారన్న లెక్క చూసి మురిసిపోవడమూ, కుంగిపోవడమూ రెండూ వద్దు. 2021లో ఆపిల్ తెచ్చిన గోప్యతా ఏర్పాటు తర్వాత ఐఫోను మెయిల్ యాప్‌లో చదవని ఉత్తరం కూడా చదివినట్టే లెక్కలో పడవచ్చు. మన ప్రవాసుల్లో ఐఫోన్లు తక్కువేమీ కాదు. జవాబులు ఎన్ని వచ్చాయి, మళ్ళీ కొన్నవాళ్ళెవరు అన్నవే చూడాలి.

చట్టం మాట కూడా తెలుసుకోవాలి. బిల్లు వేసేటప్పుడు ఫోను నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలో దుకాణదారులకు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. అసలు బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమలవుతాయి. అంటే సర్దుకోవడానికి కొంచెం వ్యవధి ఉంది. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, ఆ చెప్పడం ఖాతాదారు కోరితే తెలుగులోనూ ఉండాలి. అమెరికాలో ఉన్నవాళ్ళకు పంపితే అక్కడి 2003 నాటి చట్టం ప్రకారం ఉత్తరంలో కొట్టు అసలు చిరునామా ఉండాలి, వద్దన్నవారిని పది పనిదినాల్లో తీసేయాలి. ఎక్కడో అమ్ముడయ్యే ఈమెయిలు జాబితాలు కొనడం ఈ రెండు దేశాల్లోనూ చిక్కు తెచ్చే పని. అడగకుండా వచ్చే ఉత్తరం ఎవరికీ ఇష్టం ఉండదు, చట్టం సంగతి అటుంచినా.

మిగిలింది ఎవరు రాయాలన్న ప్రశ్న. విజయవాడ ప్రచార సంస్థకు అప్పజెబితే బొమ్మలు బాగుంటాయి. మినుము ఎలా ఒదుగుతోందో మాత్రం వాళ్ళకు తెలియదు. ఫోనెత్తి ఆర్డరు రాసుకునే మనిషి, సరుకు చూసి ధర కట్టే మనిషి చెప్పింది చెప్పినట్టు రాస్తే అదే మంచి ఉత్తరం. జవాబు ఇవ్వడానికి వీల్లేని చిరునామా నుంచి ఎన్నడూ పంపకూడదు. గుళ్ళలో రాయి వచ్చిందని ఒకరు జవాబిస్తే, ఆ సంచి విడత నంబరు చెప్పి, డబ్బు తిరిగి ఇస్తున్నామని తర్వాతి ఉత్తరంలో అందరికీ రాసే ధైర్యం ఉండాలి.

మొదటి ఏడాదికి ఆరు ఉత్తరాలు చాలు. ఏప్రిల్లో మామిడికాయ దిగినప్పుడు ఆవకాయకు ఆర్డర్లు ఎప్పటిదాకా తీసుకుంటారో రాయాలి. జూలైలో కాలవ నీళ్ళ సంగతి, వానల్లో పప్పుకు పురుగు పట్టకుండా ఎలా దాచుకోవాలో రాయాలి. సెప్టెంబరులో దసరా పార్శిళ్ళు, ఆ ఏటి సుంకాలు. నవంబరులో కోతలెలా ఉన్నాయి, పాత బియ్యం ఎంత మిగిలింది. డిసెంబరు మొదట్లో సంక్రాంతికి వచ్చేవాళ్ళ కోసం ముందుగా ఏం కట్టి ఉంచాలో అడుగుతూ ఒకటి, ఫిబ్రవరిలో కొత్త బియ్యానికి నీళ్ళ కొలత చెబుతూ ఇంకొకటి. రెండో ఏడు ఏవి ఉంచాలో, ఏవి మానాలో వచ్చిన జవాబులు చదివితే తేలిపోతుంది.